మెలకువ, ఎఱుక, విద్యుచ్ఛక్తి



తాటిచెట్టుపైనుండి పడినవాడు, బండి తిరుగబడి తలకు దెబ్బ తగిలినవాడు, నీట మునిగి ఆలస్యముగా ఒడ్డునకు చేర్పబడినవాడు ఏ గ్రామమునకును క్రొత్త కాదు. అట్టివారిలో కొందఱు ఆ పూటయే మరణింతురు. కొందఱు నాలుగు దినములలో లేచి కూర్చుందురు. మఱికొందఱి సంగతి ఈ రెంటికిని చెందదు. వారు ప్రాణముతో ఉందురు. ఊపిరి తీయుదురు. కొన్ని వారములకు కన్నులు సైతము తెఱతురు. కాని పిలిచిన పలుకరు, చూచినట్లుండియు చూడరు. నెలలు గడచును. ఆ యింటివారు వచ్చి ఊరి పెద్దలను అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యా, వాడు మమ్ము గుర్తించుచున్నాడా, లేదా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టము. గుర్తించుచున్నాడనిన ఇంటివారు పొలము అమ్మియైనను వైద్యము చేయింతురు. లేదనిన ఆశ విడుతురు. రెండు మాటలును బరువైనవే. మనుష్యుడు విద్యుచ్ఛక్తి సాయమున ఈ ప్రశ్నను విప్పజూచుటయు, నిద్రాణమైన ఆ ఎఱుకను మేలుకొలుప యత్నించుటయు రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర. దానిని నేడు మనవి చేసెదను. అందు పొరపడిన ఘట్టములు కలవు, తప్పు చేసిన ఘట్టములు కలవు, ఒక తల్లి ఆశ ఫలించిన ఘట్టమును కలదు.

ముందుగా రెండు మాటలకు భేదము చెప్పుకొందము. మెలకువ వేఱు, ఎఱుక వేఱు. కన్నులు తెఱచియుండుట మెలకువ. ఎదుటనున్నది తల్లి యని తెలియుట ఎఱుక. మనవంటివారిలో ఈ రెండును జోడెడ్లవలె కలిసి నడచును గనుక వేఱని తోచదు. దెబ్బ తగిలిన మెదడులో జోడు విడిపోవును. మెలకువయు ఎఱుకయు రెండును లేని దశను కోమా యందురు. అది సాధారణముగా కొన్ని వారములకు మించి యుండదు. అంతలో రోగి మరణించుటయో, కోలుకొనుటయో, లేక ఎఱుక లేకయే కన్నులు తెఱచుటయో జరుగును. ఈ మూడవదియే మన కథకు మూలము. ఆ దశలో రోగి రాత్రి నిద్రించును, పగలు మేల్కొనును, కాని ఎఱుకకు గుఱుతేమియు కానరాదు. మన వాడుకలో అట్టివానిని జీవచ్ఛవ మందుము. ఆ మాట ఎంత తొందరపాటుదో చివరకు మీకే తెలియగలదు. మెదడు పూర్తిగా చచ్చిపోవుట వేఱొక సంగతి. అది మరణమే. దానితో దీనిని కలుపరాదు.

ఇక చరిత్రలోనికి పోవుదము. విద్యుచ్ఛక్తి అను పేరు పుట్టకముందే మనుష్యుడు దానిని వైద్యమునకు వాడెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోము నగరపు వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, తాకినవారికి తిమ్మిరి పుట్టించు ఒక సముద్రపు చేపను తలనొప్పి గలవారి నుదుట నుంచుమని వ్రాసెను. ఆ చేప తన శరీరమున విద్యుచ్ఛక్తిని పుట్టించునదని అతడెఱుగడు. పని జరిగినది, కారణము తెలియలేదు, అంతియే.

కారణపు వెదకులాట ఇటలీ దేశమున మొదలయ్యెను. బొలోనా నగరమున లూయీజీ గాల్వానీ అను పండితుడు చచ్చిన కప్పకాళ్ళకు లోహపు తీగలను తగిలింపగా అవి తటాలున కొట్టుకొనెను. ఆ సంగతిని అతడు 1791లో ప్రకటించెను. ఆ దేశమువాడే యైన అలెస్సాండ్రో వోల్టా, రెండు వేఱువేఱు లోహముల బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన గుడ్డముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ ప్రవాహమును పుట్టించి 1800లో లోకమునకు తెలిపెను. నేడు మన చేతిదీపములలోని బ్యాటరీకి ఆదిపురుషుడు ఆ బిళ్ళల దొంతరయే.

గాల్వానీకి జొవాన్ని ఆల్దీని యను మేనల్లుడుండెను. ఇతడు 1803 జనవరిలో లండను నగరమున, భార్యాబిడ్డలను కాలువలో ముంచి చంపెనను నేరముపై ఉరితీయబడిన యొకని శవమును పలువురి యెదుట నుంచి, దానికి వోల్టా దొంతర తీగలను తగిలించెను. శవముయొక్క దవడ వణకెను, ఒక కన్ను తెఱచుకొనెను, కుడిచేయి పిడికిలి బిగించి పైకి లేచెను. చూచినవారు భయభ్రాంతులైరి. కాని ఆ మనుష్యుడు చచ్చియే యుండెను. ఈ ఘట్టము మనకొక పాఠము చెప్పుచున్నది. కదలిక ప్రాణము కాదు, ప్రాణము ఎఱుక కాదు. విద్యుచ్ఛక్తి కండను కదల్చినంత మాత్రమున లోపలివాడు మేల్కొన్నట్లు కాదు. "మా రోగి చేయి కదిలినది చూడుడు" అని చెప్పుమాటను వెంటనే నమ్మరాదని తొలుత బోధించినది ఆ శవమే.

అటుపిమ్మట 1870లో బెర్లిను నగరమున ఫ్రిట్ష్, హిట్సిగ్ అను నిద్దఱు వైద్యులు కుక్క మెదడు పైపొరను కొద్దిపాటి విద్యుత్తుతో తాకి, ఒకచోట తాకిన ముంగాలును, వేఱొకచోట తాకిన వెనుకకాలును కదలుటను కనిపెట్టిరి. మెదడున ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటు కలదనుటకు ఇది గట్టి నిదర్శన మయ్యెను. దానికి నాలుగేండ్లకు, 1874లో, అమెరికాలోని సిన్సినాటి నగరమున రాబర్ట్స్ బార్తొలో అను వైద్యుడు ఇదే పరీక్షను మనుష్యునిపై చేసెను. తలపై పుండు పుట్టి పుఱ్ఱె సైతము తినివేయబడిన ఒక పేద పనికత్తె అతనియొద్దకు వచ్చియుండెను. బయలుపడిన ఆమె మెదడులోనికి సూదులు దింపి అతడు విద్యుత్తు పంపెను. ఆమె చేయి కదిలెను, కాలు కదిలెను. అతడంతటితో ఆగక ప్రవాహమును హెచ్చించెను. ఆమెకు మూర్ఛ వచ్చెను. కొన్ని దినములకు ఆమె మరణించెను. మరణకారణమేదైనను, ఆ పరీక్ష ఆమె మేలుకొఱకు చేసినది కాదు. సాటి వైద్యులే అతనిని గర్హించిరి, అతడును పశ్చాత్తాపము తెలుపుకొనెను. నోరులేని రోగిపై చేయు పని ఆ రోగి మేలుకొఱకే కావలెనను ధర్మము ఈ చరిత్రలో అడుగడుగునకును మఱల మఱల జ్ఞప్తికి తెచ్చుకొనవలసి వచ్చినది.

ఇంతవరకు మెదడులోనికి విద్యుత్తు పంపినవారి మాట. మెదడే విద్యుత్తును పుట్టించునని మనుష్యులలో చూపినవాడు జర్మనీలోని యేనా నగరవాసి హాన్స్ బెర్గర్. తలపై పలుకలు అంటించి, లోనుండి వచ్చు అత్యల్పమైన విద్యుత్తరంగములను కాగితముపై గీతలుగా అతడు 1924లో పట్టి, 1929లో ప్రకటించెను. మేల్కొన్నవాని గీతలు చిన్నవిగను వడిగలవిగను ఉండును. గాఢనిద్రలో నున్నవాని గీతలు పెద్దవిగను మందముగను ఉండును. నిద్రకును మెలకువకును ఇంటి బయటనుండియే చూడదగిన కిటికీ యొకటి దొరికెను.

మఱి మెలకువను పుట్టించునది మెదడున ఏ భాగము? బెల్జియము దేశపు ఫ్రెడరిక్ బ్రెమెర్ 1935లో పిల్లి మెదడు కాండమును ఒకచోట తెగకోయగా, పైభాగము ఎడతెగని నిద్రలో మునిగెను. 1949లో చికాగోలో పనిచేయుచుండిన మొరూజ్జీ, మగూన్ అను నిద్దఱు మఱియొక యడుగు వేసిరి. మత్తుమందుచే జోగుచున్న పిల్లి మెదడుకాండపు నడిభాగమున వడిగల విద్యుత్ స్పందములను పంపగా, పెద్ద పెద్ద మందపు గీతలు చప్పున మాఱి మేల్కొన్నవాని గీతలయ్యెను. మెలకువకు మూలస్థానము మెదడుకాండమని, దానిని విద్యుత్తుతో తట్టి లేపవచ్చునని ఆనాడు రుజువయ్యెను.

దీనిని మన పొలముల భాషలో చెప్పుకొనవచ్చును. మెదడుకాండము చెఱువు. మెదడు పైపొర ఆయకట్టు. తలపు, మాట, జ్ఞాపకము, ఎఱుక అనునవి అచ్చట పండు పంటలు. నడుమ మెదడు లోతున థాలమస్ అను రెండు గ్రుడ్లవంటి భాగములు కలవు. అవి తూములు. చెఱువున నీరుండి, పొలము మంచిదై, తూము మాత్రము పూడుకొన్నచో పైరు ఎండును. అప్పుడు తూము తెఱచిన పైరు తిరిగి పచ్చబడును. అట్లుగాక పొలమే ఇసుక మేటలు వేసి చెడిపోయినచో తూము ఎంత తెఱచినను ఏమి లాభము? తలకు దెబ్బ తగిలిన వారిలో కొందఱు మొదటి తరగతివారు. గుండె ఆగియో నీట మునిగియో చాలసేపు ప్రాణవాయువు అందక పైపొరయే విరివిగా నశించినవారు రెండవ తరగతివారు. ఒకే చికిత్స ఒకనికి పనిచేసి మఱియొకనికి చేయకుండుటకు ముఖ్యకారణ మిదియే.

ఈ తూమును తెఱచు యత్నము 1960 దశకపు చివరనే జరిగెను. 1968, 1969 సంవత్సరములలో ప్రకటింపబడిన రెండు నివేదికలలో, తెలివి రాని రోగుల మెదడు లోతునకు సన్నని తీగలను దింపి విద్యుత్తు పంపిన సంగతి కలదు. వారిలో నొకనియందు మెలకువ కొంత హెచ్చెను. కాని మాట రాలేదు, ఎఱుక నిలువలేదు. ఆ కాలమున ఈ రోగమునకు ఒప్పుదలయైన పేరు సైతము లేదు. 1972లో గ్లాస్గోలోని బ్రయన్ జెనెట్, న్యూయార్కులోని ఫ్రెడ్ ప్లమ్ అను వైద్యులు ఎఱుకలేని మెలకువకు చెట్టుచేమలను తలపించు ఒక పేరు పెట్టిరి. 1974లో జెనెట్, టీజ్‌డేల్ కలిసి, కన్ను తెఱచుట, మాటాడుట, కదలుట అను మూటిని చూచి 3 మొదలు 15 వఱకు అంకె వేయు కొలతను ఏర్పఱచిరి. నేటికిని ఆసుపత్రులలో వైద్యులు "స్కోరు ఎంత?" అని అడుగునది ఆ కొలతనే.

తరువాత జపాను దేశమున త్సుబొకావా, యమామొటో అను వైద్యులు ఈ మార్గమున చాలకాలము కృషి చేసిరి. ఎఱుక కానరాని 21 మంది మెదళ్ళలో తీగలు దింపి విద్యుత్తు పంపగా, 8 మంది ఆ దశనుండి బయటపడి చెప్పిన మాట వినగలిగిరని వ్రాసిరి. వినుటకు గొప్ప సంగతియే. కాని పెద్దలు ఇచ్చట ఒక ప్రశ్న వేయవలెను. ఆ చికిత్స వారికి దెబ్బ తగిలిన కొన్ని నెలలకే మొదలయ్యెను. ఆ గడువులో ఏ చికిత్సయు లేకయే కోలుకొనువారును కలరు. మరి ఈ ఎనమండ్రను లేపినది విద్యుత్తా, కాలమా?

మన పల్లెలలో వానలు వెనుకబడినప్పుడు రోకలికి కప్పను కట్టి, ఇంటింట నీళ్ళు పోయించుకొని, కప్పతల్లి ఆట ఆడుట కలదు. ఆడిన వారమునకు వాన పడెననుకొందము. అది ఆటవలన పడినదా, అసలే వానకాలము గనుక పడినదా? ఆ ఊరు ఆడి ఈ ఊరు ఆడకయుండి, రెండూళ్ళ వానలను పోల్చి చూచిననే కదా తెలియునది! వైద్యమునందును అంతే. పోలిక లేని ఫలితము సాక్షి లేని వ్యాజ్యము.

ఈ సాక్ష్యమునకై వేచియున్న లోకమునకు 2007 ఆగస్టులో 'నేచర్' అను శాస్త్రపత్రికలో ఒక వ్యాసము వెలువడెను. దానికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పవలెను. 2002లో జియాసినో మొదలగు వైద్యులు, ఎఱుక బొత్తిగా లేనివారికిని, అప్పుడప్పుడు మిణుకుమిణుకుమని ఎఱుక చూపువారికిని భేదము చేసి, రెండవవారిని వేఱొక తరగతిగా ఏర్పఱచిరి. ఒకపూట చెప్పిన మాటకు వ్రేలు కదల్చి, మఱుపూట ఊరకుండువారు వీరు. మిణుకుమను దీపమున నూనె కలదన్నమాట.

అమెరికాలో 1999లో దుండగులు కొట్టగా తల పగిలిన ఒక మనుష్యుడు ఈ తరగతివాడు. ఆరేండ్లకు పైగా అతడు ఆ దశలోనే యుండెను. ఆహారము కడుపులోనికి వేసిన గొట్టముద్వారా. కంటితోనో వ్రేలితోనో ఎప్పుడైన ఒక సైగ, నమ్ముటకు వీలుకానంత అరుదుగా. చిత్రములు తీసి చూడగా అతని మెదడు పైపొరలో మాటకు సంబంధించిన భాగములు చాలవఱకు మిగిలియుండెను. పొలము బాగుగనే యున్నది, తూము పూడినదని నికొలస్ షిఫ్, జియాసినో మొదలగువారు తలచిరి. కుటుంబమువారి సమ్మతితో 2005లో అలీ రెజాయీ అను శస్త్రవైద్యుడు అతని రెండు థాలమస్సుల నడిభాగములోనికి సన్నని తీగలను దింపెను. వానిని చర్మము క్రిందుగా రొమ్మువఱకు తెచ్చి, గుండెజబ్బువారికి పెట్టు పేస్‌మేకర్ వంటి చిన్న యంత్రమునకు కలిపిరి. ఈ పద్ధతి వారు క్రొత్తగా కల్పించినది కాదు. ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమున బెనాబిద్ అను వైద్యుడు 1987లో వణకుడు వ్యాధికి దానిని ఉపయోగించియుండెను.

ఇక సాక్ష్యపు మాట. వారు ఆ యంత్రమును ఆరు మాసములపాటు మార్చి మార్చి, ఒక నెల నడిపి ఒక నెల ఆపిరి. ఏ నెల నడచుచున్నదో పరీక్షించువారికి తెలియనీయలేదు. తెలిసినచో ఆశ కన్నులను మోసము చేయునని వారి భయము. లెక్కలు విప్పి చూడగా, యంత్రము నడచిన నెలలలో ఆ రోగి చుఱుకుదనము, చేతుల పొందిక, నోటితో తినుట హెచ్చియుండెను. ఆపిన నెలలలో తగ్గెను. క్రమముగా అతడు వస్తువుల పేర్లు చెప్పగలిగెను, నోటితో నమలి మ్రింగగలిగెను, చిన్న చిన్న మాటలతో తల్లితో సంభాషింపగలిగెను. అమెరికా పిల్లలు పాఠశాలలో చెప్పు దేశభక్తి ప్రతిజ్ఞలోని మొదటి 16 మాటలను అప్పగించెను. అతడు లేచి నడువలేదు, ఒరులపై ఆధారపడుట తప్పలేదు. అయినను ఆరేండ్లు మూగయై యున్న కొడుకు నోట మాట వినుట ఆ తల్లికి ఎంతటి భాగ్యమో నేను చెప్పనక్కఱలేదు.

అయితే అది ఒక్క మనుష్యుని కథ. దానిని చూచి ప్రతివానికిని ఈ శస్త్రచికిత్స చేయవలెననుట పొరపాటు. ఇటలీలో ఇట్టి చికిత్సకై 40 మందిని పరీక్షింపగా తుదకు శస్త్రచికిత్స జరిగినది ముగ్గురికి మాత్రమేయని 2016లో వెలువడిన నివేదిక తెలుపుచున్నది. మిగిలినవారిలో హెచ్చుమందికి పొలమే చెడియుండెను, లేక వేఱు అడ్డంకులుండెను. 2023 డిసెంబరులో షిఫ్ మొదలగువారే మఱియొక ఫలితమును ప్రకటించిరి. తల దెబ్బనుండి లేచి తిరుగుచున్నను తలపు మందగించిన అయిదుగురికి ఇదే విధముగ థాలమస్‌లో విద్యుత్తు పంపగా, అంకెలను అక్షరములను వరుసగా కలుపు పరీక్షలో వారి వేగము సగటున నూటికి 32 వంతులు మెఱుగుపడెను. వీరు ఎఱుక కలవారే. తూము పూర్తిగా మూసికొనక సగము తెఱచియున్నవారికిని ఈ మార్గము పనికిరావచ్చునని దీనివలన తెలియుచున్నది.

పుఱ్ఱెకు రంధ్రము చేయకుండ పైనుండియే విద్యుత్తు పంపు మార్గమును బెల్జియములోని లియేజ్ నగరపు వైద్యులు అనుసరించిరి. నుదుటి ఎడమభాగమున తడి స్పంజి పలుక నుంచి 20 నిమిషములపాటు కేవలము 2 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పంపుట వారి పద్ధతి. 55 మందికి ఒకసారి నిజముగను, ఒకసారి వట్టి నటనగను చేసి పోల్చిరి. మిణుకుమిణుకు ఎఱుక కలిగిన 30 మందిలో 13 మందియు, ఎఱుక కానరాని 25 మందిలో ఇద్దఱును మెఱుగుచూపిరని 2014లో ప్రకటించిరి. కాని ఆ మెఱుగు కొద్ది గంటలదే. 2017లో ఫ్రాన్సులోని లియాన్ నగరమువారు, మెడలోనుండి పోవు వేగస్ నాడికి విద్యుత్తు పంపి, 15 ఏండ్లుగా ఎఱుక కానరాక యున్న 35 ఏండ్ల యొకనియందు చూపు నిలుపుట, మాట విని తల త్రిప్పుట మొదలగు చిన్న మార్పులు గమనించిరి. ఇదియు ఒక్కని కథయే. వీనిలో ఏదియు నేడు ఊరూరను చేయదగిన స్థిరమైన వైద్యము కాలేదు, పరిశోధన దశలోనే యున్నది. 1938లో రోమునగరమున పుట్టి మనోవ్యాధులకు వాడబడుచున్న షాక్ చికిత్స వేఱు, ఇది వేఱు. రెంటిని ఒకటని తలపరాదు. కనుక విద్యుత్ పట్టీ కట్టి కోమా కుదుర్తునని సొమ్మడుగువాడు ఊరికి వచ్చినచో, "నీ చికిత్స లేని నెలకును ఉన్న నెలకును పోలిక చూపుము" అని అడుగుడు. అతడు మఱల రాడు.

విద్యుత్తు చేసిన మేలు చికిత్సకంటె పరీక్షయందే హెచ్చుగా కనబడినది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ మొదలగు ఆంగ్ల పరిశోధకులు, రోడ్డు ప్రమాదమున దెబ్బతిని ఎఱుక లేదని నిర్ణయింపబడిన 23 ఏండ్ల యువతిని మెదడు చిత్రములు తీయు యంత్రములో నుంచి, "టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుము", "నీ యింటిలో గది గదియు తిరుగుచున్నట్లు ఊహింపుము" అని చెప్పిరి. ఆమె వ్రేలైనను కదల్చలేదు. కాని ఆమె మెదడు, ఆరోగ్యవంతుల మెదడువలెనే, ఆయాచోట్ల వెలిగెను. 2010లో ప్రకటింపబడిన పరిశోధనలో ఒక రోగి అవునన్నచో టెన్నిసును, కాదన్నచో ఇంటిని తలచుకొని ప్రశ్నలకు జవాబులు చెప్పెను. 2024లో వెలువడిన నివేదికలో, పిలిచినను ఉలుకు పలుకు లేని 241 మందిని ఇట్టి చిత్రములతోను మెదడు గీతలతోను పరీక్షింపగా 60 మంది మాట విని లోలోపల పాటించుచుండిరి. నలుగురిలో ఒకరు!

యంత్రములు లేనిచోటను పొరపాట్లు తక్కువ కావు. 1996లో ఇంగ్లండులో ఎఱుక లేదని పంపబడిన 40 మందిని ఓపికగా చూడగా 17 మందికి ఎఱుక కలదని తేలెను. 2009లో బెల్జియమువారు 44 మందిలో 18 మంది విషయమున అట్టి పొరపాటునే కనుగొనిరి. ఈ కారణముననే 2010లో కొందఱు వైద్యులు చెట్టుచేమల పేరును మాని, "పలుకని మెలకువ" యను అర్థము వచ్చు పేరు వాడుదమనిరి. మనమును జీవచ్ఛవమను మాటను మానవలసియున్నది.

ఇక ఇంటివారికి మీరు చెప్పదగిన మాటలు కొన్ని. దెబ్బ తగిలిన తొలివారములలో తుదిమాట చెప్పకుడు, చెప్పనీయకుడు. రోగిని ఒక్కమాఱు చూచి తీర్మానింపక, ఉదయమున, సాయంకాలమున, పలుమాఱులు చూడవలెను. అతని పేరు పెట్టి, అతడెఱిగిన గొంతుతో, మాతృభాషలో పిలువవలెను. కంటి యెదుట అద్దము పట్టి మెల్లగా కదల్పవలెను. ఏ వస్తువును వెంబడింపని కన్ను తన మొగమును వెంబడించుట తఱచుగా కలదని లియేజ్ వైద్యులు చూపిరి. చూచినది దినమువారీ వ్రాసి వైద్యునికి చూపవలెను. ప్రక్కలు మార్చి పుండ్లు పడకుండ కాపాడుట, కీళ్ళు బిగియకుండ కదల్చుట ఏ విద్యుత్తుకును తీసిపోని సేవ. అమాంటడీన్ అను మాత్రను తల దెబ్బ తగిలిన 184 మందిలో ఉత్తి మాత్రతో పోల్చి చూడగా, కోలుకొను వేగము దానివలన హెచ్చినదని 2012లో రుజువయ్యెను. దానిని గుఱించి వైద్యుని అడుగవచ్చును. రోగి సమీపమున అతని ఆస్తిపంపకములను, ఇక వాడు లేడను మాటలను ఆడకుడు. నలుగురిలో ఒకడు వినుచుండవచ్చును.

ఆశకు హద్దు లేదా యని మీరడుగవచ్చును. కలదు. ముంబయి నగరమున 1973లో దౌర్జన్యమునకు గుఱియైన యొక నర్సు 2015లో మరణించువఱకు నలుబదియేండ్లకు పైగా ఆ దశలోనే యుండెను. ఆమె పనిచేసిన ఆసుపత్రి నర్సులే తరతరములుగా ఆమెను సాకిరి. ఆమె వ్యాజ్యమున 2011లోను, మఱియొక వ్యాజ్యమున 2018లోను సుప్రీంకోర్టు తీర్పులు చెప్పి, ప్రాణాధార యంత్రములను ఉపసంహరించుటకు వైద్యమండలుల నిర్ణయముతో కూడిన పద్ధతిని ఏర్పఱచెను. తెలివి యున్నప్పుడే తన కోరికను వ్రాసియుంచు హక్కును మనుష్యునికిచ్చెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఆశ విడుచుటయు ఒక నిర్ణయమే. దానిని విసుగుతో కాక, విచారణతో చేయవలెనని న్యాయస్థానము మాట.

ఉరితీయబడినవాని పిడికిలిని చూచి భ్రమించిన లోకము, కదలని యువతి తలపును కనిపెట్టుటకు రెండువందల మూడేండ్లు పట్టినది. మొదట కదలికను చూచి ఎఱుక యనుకొంటిమి. పిమ్మట కదలిక లేమిని చూచి ఎఱుక లేదనుకొంటిమి. రెండును పొరపాటులే. ఇకమీదట ఎవరేని మీ ముంగిటికి వచ్చి "అయ్యా, వాడు మమ్ము గుర్తించుచున్నాడా?" అని యడిగినచో, అవుననియు కాదనియు చెప్పకుడు. "పిలుచుచుండుడు, చూచుచుండుడు, వ్రాయుచుండుడు" అని చెప్పుడు. ఆ మాట అబద్ధము కాబోదు.